టైమర్1 సీటీసీలో కదలడం లేదు, బల్బు వెలిగితే మాత్రం లెక్క పెరుగుతోంది

నర్సంపేట_పొదుగు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేసి పదకొండేళ్లయింది. పెళ్లయ్యాక నర్సంపేట దగ్గర పల్లెలో ఉంటున్నాం. సోల్డరింగ్ ఐరన్ మళ్లీ పట్టుకుంది ఈ సంక్రాంతి తర్వాతే. కారణం నాటుకోళ్లు. మా అత్తమ్మకు ఇరవై దాకా పెట్టలున్నాయి. పెట్ట పొదుగుకు కూర్చుందంటే ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద, ఆ తర్వాత పిల్లల వెంట. అన్ని రోజులూ గుడ్డు ఉండదు. పొదిగే పని ఒక పెట్టెకు అప్పజెప్తే పెట్ట తన పని తాను చేసుకుంటుంది కదా అని మొదలుపెట్టాను.

మందుల షాపులో అడిగి తెచ్చుకున్న థర్మాకోల్ పెట్టె, 40 గుడ్ల ట్రే, రిలే మీద 60 వాట్ల బల్బు, గాలి తిరగడానికి రెండు వైర్ల 12 వోల్టుల ఫ్యాన్, దానికి టిప్122 ట్రాన్సిస్టర్. గుడ్లు అటూ ఇటూ వంచడానికి పాత కూలర్‌లోంచి పీకిన స్వింగ్ మోటారు. బోర్డు యూనో క్లోన్, అంటే ఆర్డుయినో యూనోకు నకలు, దాని మీద ఉండేది ఏవీఆర్ రకం చిప్పు. వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టే పని బాగానే అవుతోంది. నా పరేషాన్ అంతా గుడ్లు తిప్పే దగ్గరే. రెండు గంటలకోసారి మోటారు తిరగాలి.

టైమర్ అంటే చిప్పు లోపల క్లాకు పల్సులను లెక్కపెట్టే భాగం. మాకు డిప్లొమాలో టైమర్లంటే 8051 అనే పాత చిప్పువే. టీమాడ్ రిజిస్టర్ (టైమర్ ఎలా నడవాలో చెప్పే బిట్ల గది), మోడ్ 0 అంటే 13 బిట్లు, మోడ్ 1 అంటే 16, మోడ్ 2 అంటే ఎనిమిది బిట్లు తనంతట తానే రీలోడ్, మోడ్ 3 అంటే టైమర్0ను రెండుగా చీల్చడం. వైవాలో అడిగితే ఇప్పటికీ చెప్తాను. ఏవీఆర్ టైమర్లు మాత్రం కొత్త. క్లాస్‌మేట్ ఒకామె తన నోట్సు ఫొటో తీసి పంపింది, అందులోది చూసి రాశాను.

చేసింది ఇది: ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే ఓసీఆర్1ఏలో 62500. మోడ్, వేగం ఎంచుకునే టీసీసీఆర్1బీలో డబ్ల్యూజీఎం12, సీఎస్12 బిట్లు ఆర్ చేసి (ఉన్న బిట్లను ఉంచి వాటికి జత చేసి) కలిపాను, అంటే సీటీసీ మోడ్ (లెక్క ఓసీఆర్1ఏ దాకా వెళ్లి సున్నాకు రావడం), ప్రీస్కేలర్ (క్లాకును భాగించేది) 256. 16 మెగాహెర్ట్జ్‌ను 256తో భాగిస్తే సెకనుకు 62500 కదా. కంపేర్ ఇంటరప్ట్ (లెక్క అక్కడికి చేరగానే నడిచే చిన్న కోడ్) ఆన్ చేసి, అందులో 13వ పిన్ ఎల్ఈడీని మార్చమన్నాను. ఎల్ఈడీ చచ్చినట్టు పడి ఉంది.

సరే, లెక్క అసలు నడుస్తుందా అని ఇప్పటి లెక్క ఉండే టీసీఎన్‌టీ1ను సీరియల్ మానిటర్‌లో చూశాను. ఇక్కడే నా బుర్ర తిరిగింది. సంఖ్య ఒకచోట నిలబడిపోయి ఉంటుంది. రిలే టక్కుమని బల్బు వెలిగిందా, పెరగడం మొదలు. సెకనుకు ఇంచుమించు 50. 255 దాకా పోయి మళ్లీ 0. బల్బు ఆరితే లెక్క ఆగిపోతుంది. మా అత్తమ్మ పక్కన కూర్చుని చూసి, "బల్బుకు లెక్కలొచ్చినయా" అని ఒకటే నవ్వు.

ఇంకో కిరికిరి. ఫ్యాన్ 10వ పిన్ మీద ఉంది, అనలాగ్‌రైట్ 128, అంటే పిన్‌ను వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ (పీడబ్ల్యూఎం) సగం సేపు ఆన్‌లో ఉంచడం. ఈ టైమర్ కోడ్ రాయకముందు సగం వేగంతో తిరిగేది, కానీ దోమలా కుయ్యిమని ఒకటే రొద. ఇప్పుడు బల్బు వెలిగినప్పుడు రెండున్నర సెకన్లు ఫుల్లుగా తిరిగి, రెండున్నర సెకన్లు ఆగుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను.

బోర్డు పోయిందా? రిలే వల్ల ఏమైనా అయిందా? వైరింగ్ అయితే నీట్‌గానే ఉంది, వైర్లన్నీ ఒకే కట్టగా జిప్ టై వేసి కట్టాను. 5వ పిన్‌కు తర్వాత తేమ సెన్సార్ పెడదామని అర మీటరు వైరు వేసి కొస వదిలేశాను, అది తప్ప ఖాళీ వైరు ఏదీ లేదు.

జగిత్యాల_మోటార్స్:

రెండు గంటలకోసారి రిలే వేయడానికి టైమర్1 ఎందుకక్కా? బోర్డు మొదలైనప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లిస్ ఫంక్షన్ చాలు. అది తిరిగి సున్నాకొచ్చేది 49 రోజులు దాటాక, మీ గుడ్లు 21వ రోజుకే పిల్లలైపోతాయి.

నర్సంపేట_పొదుగు:

తెలుసు తమ్ముడూ. మిల్లిస్ పెట్టి వదిలేస్తే ఈ బల్బు లెక్క ఏంటో నాకు ఎప్పటికీ తెలియదు. రాత్రి నిద్ర పట్టడం లేదు దాని గురించే.

గుట్ట_కింది_ల్యాబ్:

చెల్లే, బోర్డుకు ఏం కాలేదు. రిలేకూ ఏం కాలేదు. నేను ల్యాబ్‌లో పిల్లలకు టైమర్లు చూపించే పనిలోనే రిటైరయ్యాను. ఆసిలోస్కోపు లేకుండా నీ అంత బాగా లక్షణాలు రాసుకొచ్చిన వాళ్లను నా సర్వీసులో నలుగురిని కూడా చూడలేదు. నువ్వు చెప్పిన మూడు అంకెల్లోనే మొత్తం ఉంది: 50, 255, రెండున్నర.

ముందు 50. మన ఇళ్లలో కరెంటు ఎంత? 50 హెర్ట్జ్. నీ టైమర్ బోర్డు మీది 16 మెగాహెర్ట్జ్ క్లాకును వదిలేసి మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను లెక్కపెడుతోంది. 8051లో టీమాడ్ మోడ్‌లన్నీ చెప్పావు గానీ ఆ పక్కనే ఉండే సీ/టీ బిట్‌ను మర్చిపోయావు. అది 1 అయితే టైమర్ కాస్తా కౌంటర్ అవుతుంది, బయట టీ1 పిన్ మీద పడే పల్సులను లెక్కపెడుతుంది. ఏవీఆర్‌లో ఆ బిట్ విడిగా లేదు. ప్రీస్కేలర్ ఎంచుకునే మూడు సీఎస్ బిట్లలోనే కలిపేశారు. 100 అంటే 256. 101 అంటే 1024. 110, 111 అంటే క్లాకు లోపలిది కాదు, టీ1 పిన్‌ది. యూనోలో టీ1 ఏ పిన్ అనుకున్నావు? నువ్వు కొస వదిలేసిన ఆ 5వ పిన్నే. గాల్లో వేలాడే పిన్ అంటే యాంటెన్నా. దాన్ని తీసుకెళ్లి 230 వోల్టుల బల్బు వైరుతో కలిపి జిప్ టై వేశావు. నీట్‌గా కట్టడమే కొంప ముంచింది. రిలే అతుక్కోగానే ఆ వైరులోకి కరెంటు వస్తుంది, పక్కనున్న నీ ఖాళీ వైరు ఆ 50 హెర్ట్జ్‌ను పీల్చుకుంటుంది.

మరి నువ్వు 100 కదా రాసింది, 111 ఎలా అయింది? నువ్వు రాయలేదు, కలిపావు. మీ ఫ్రెండ్ నోట్సు ఆర్డుయినో లేని ఉత్త ఏవీఆర్‌కు రాసినది. రీసెట్ తర్వాత అక్కడ రిజిస్టర్లన్నీ సున్నా, ఆర్ చేసినా నేరుగా రాసినా ఒకటే. ఆర్డుయినోలో అలా కాదు. నీ సెటప్ మొదలయ్యేలోపే ఇనిట్ అనే ఫంక్షన్ వచ్చి అనలాగ్‌రైట్ కోసం టైమర్లన్నిటినీ సర్ది పెడుతుంది. టైమర్1కు ప్రీస్కేలర్ 64, అంటే 011. దానికి నువ్వు 100 ఆర్ చేశావు. చేత్తో కలిపి చూసుకో, 111.

255 కూడా అదే దొంగ పని. ఇనిట్ టీసీసీఆర్1ఏలో డబ్ల్యూజీఎం10 పెట్టి పోతుంది. టైమర్1 మోడ్ ఎంచుకునేది నాలుగు డబ్ల్యూజీఎం బిట్లు, రెండు ఏ రిజిస్టర్‌లో, రెండు బీ రిజిస్టర్‌లో ఉంటాయి. ఇలా చీల్చి పెట్టిన మహానుభావుడెవరో గానీ నా పిల్లలందరి దగ్గరా తిట్లు తిన్నాడు. నీకు కావాల్సింది 0100, నాలుగో మోడ్, సీటీసీ. నీకు వచ్చింది 0101, ఐదో మోడ్, ఎనిమిది బిట్ల ఫాస్ట్ పీడబ్ల్యూఎం. అందులో లెక్క 255 దగ్గర తిరిగిపోతుంది, 62500 దాకా ఎన్నటికీ రాదు. ఇక ఎల్ఈడీ ఎట్లా వెలుగుతుంది?

ఇక రెండున్నర సెకన్లు. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. 10వ పిన్ టైమర్1దే. సెకనుకు 50 చొప్పున 256 లెక్కలకు 5.12 సెకన్లు. అందులో సగం 2.56. అంటే నీ ఫ్యాన్ సగం డ్యూటీ పీడబ్ల్యూఎం సక్రమంగానే చేస్తోంది, కాకపోతే ఐదు సెకన్లకో సైకిల్! మేం పిల్లలకు స్కోపు మీద చూపించేదాన్ని నువ్వు ఫ్యాన్ రెక్కల మీద చూశావు.

మోడ్‌ల సంగతి నేను ల్యాబ్‌లో ఎలా చెప్పేవాడినో చెప్తాను. మా ఇల్లు పద్మాక్షి గుట్ట కింద. గుట్ట మెట్లు ఎక్కడమే లెక్క అనుకో. నార్మల్ మోడ్ అంటే ఉన్న మెట్లన్నీ ఎక్కి, పైకి చేరగానే కళ్లు మూసి తెరిచేలోపు కింద ఉంటావు. టైమర్1కు పై మెట్టు 65535. 8051 మోడ్ 1 కూడా ఇంతే, అక్కడ తక్కువసేపు ఎక్కాలంటే మధ్య మెట్టు నుంచి మొదలుపెట్టేదానివి, ప్రతిసారీ చేత్తో లోడ్ చేసుకుంటూ. సీటీసీలో మొదలెప్పుడూ సున్నా నుంచే, ఎక్కడిదాకా ఎక్కాలో నువ్వు చెప్తావు. ఫాస్ట్ పీడబ్ల్యూఎం కూడా ఎక్కి ఒక్కసారిగా కిందికి రావడమే, దారిలో ఫలానా మెట్టు దాటినప్పుడు పిన్ ఆఫ్ అవుతుంది, కిందికి రాగానే మళ్లీ ఆన్.

ఫేజ్ కరెక్ట్ మాత్రం వేరు. మెట్లు ఎక్కి, ఆ మెట్ల మీదుగానే దిగుతావు. ఒకే మెట్టును రెండుసార్లు దాటుతావు కాబట్టి పల్సు ఎప్పుడూ మధ్యలో నిలబడుతుంది, డ్యూటీ మార్చినా అటో ఇటో జరగదు. మోటార్లకు అందుకే ఇది ఇష్టం. ఎక్కడం దిగడం రెండూ ఉన్నాయి కాబట్టి ఫ్రీక్వెన్సీ సగం. కచ్చితంగా సగం కాదు, గమనించు: పై మెట్టు మీద, కింది మెట్టు మీద ఒక్కోసారే నిలబడతావు కాబట్టి 512 కాదు, 510. ఆర్డుయినోలో 5, 6 పిన్ల మీద 976 హెర్ట్జ్, మిగతా వాటి మీద 490 వచ్చేది దీనివల్లే. టైమర్0 ఫాస్ట్, మిగతా రెండూ ఫేజ్ కరెక్ట్. నీ దోమ రొద ఆ 490.

ఇప్పుడు మందు. ముందు టీసీసీఆర్1ఏ నిండా సున్నా రాయి. టీసీసీఆర్1బీ కూడా సున్నా, టీసీఎన్‌టీ1 సున్నా. ఓసీఆర్1ఏలో 62499. ఆ తర్వాత టీసీసీఆర్1బీలో డబ్ల్యూజీఎం12, సీఎస్12 రాయి. ఆర్ కాదు, నేరుగా ఈక్వల్. చివర ఇంటరప్ట్.

62500 కాకుండా 62499 ఎందుకంటే సున్నా కూడా ఒక మెట్టే. నువ్వు 62500 పెడితే సెకనుకు 16 మైక్రోసెకన్లు ఎక్కువ, రోజుకు 1.38 సెకన్లు. పద్దెనిమిది రోజులకు పాతిక సెకన్లు. గుడ్డుకు ఆ పాతిక సెకన్లు పట్టవు, కానీ అలవాటు మంచిది కాదు. దానికంటే పెద్ద తేడా వేరే ఉంది. అసలు యూనో మూడో రివిజన్‌లో ఏటీమెగా328కు క్రిస్టల్ ఉండదు, సెరామిక్ రెసొనేటర్ ఉంటుంది. కనిపించే వెండి డబ్బా యూఎస్‌బీ చిప్పుది. రెసొనేటర్ అర శాతం దాకా తప్పొచ్చు, అంటే రోజుకు ఏడు నిమిషాలు. నీ క్లోన్‌లో ఏముందో చూసుకో.

5వ పిన్ వైరును ముందు తీసెయ్, లేదా బల్బు కట్టలోంచి విడదియ్.

ఫైనల్_ఇయర్_హన్మకొండ:

సార్ చెప్పింది సూపర్. అక్కా, ఫ్యాన్ గురించి ఒక మాట. టైమర్1 సీటీసీలోకి వెళ్లాక 9, 10 పిన్ల మీద అనలాగ్‌రైట్ పనిచేయదు, లెక్క సరిపోగానే పిన్ పడిపోయి మళ్లీ లేవదు. కాబట్టి ఫ్యాన్‌ను 3వ పిన్‌కు మార్చండి, అది టైమర్2. రొద పోవాలంటే టీసీసీఆర్2బీలో ప్రీస్కేలర్ 1 పెట్టండి, ఫ్రీక్వెన్సీ 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, చెవికి వినపడదు. మిల్లిస్ టైమర్0ది కాబట్టి దానికి ఏం కాదు.

ఒక్క జాగ్రత్త, టైమర్2 సీఎస్ బిట్ల అర్థాలు వేరు. అక్కడ 100 అంటే 64, 256 కాదు. 111 అంటే 1024, బయటి క్లాకు కాదు. నేను మినీ ప్రాజెక్టులో టైమర్1 కోడ్‌ను అలాగే టైమర్2కు కాపీ కొట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

గుట్ట_కింది_ల్యాబ్:

బాబూ, పిన్ మార్చమన్నది కరెక్టు, నేను చెప్పడం మర్చిపోయాను. 31 కిలోహెర్ట్జ్‌కు మాత్రం ఒప్పుకోను. ఆమె దగ్గరున్నది టిప్122, డార్లింగ్టన్, అంటే ఒకే డబ్బాలో రెండు ట్రాన్సిస్టర్ల జంట. ఆన్ అవడం తొందరే, ఆఫ్ అవడానికి ముసలాడిలా టైము తీసుకుంటుంది. 31 కిలోహెర్ట్జ్ మీద చాలాసేపు సగం ఆన్ సగం ఆఫ్‌లోనే గడిపి అనవసరంగా వేడెక్కుతుంది. లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ అయితే వేరే మాట. పైగా ఆ రెండు వైర్ల ఫ్యాన్ లోపల దాని సర్క్యూట్ దానికి ఉంటుంది, సప్లైని సెకనుకు 31 వేలసార్లు కోస్తే ఎలా తిరుగుతుందో ఫ్యాన్‌ను బట్టి ఉంటుంది. టైమర్2లో 111 పెడితే 30 హెర్ట్జ్ వస్తుంది, చాలా ఫ్యాన్లు దానికి ఒప్పుకుంటాయి, కాకపోతే టకటకమంటాయి.

చెల్లే, నన్నడిగితే పీడబ్ల్యూఎమ్మే వద్దు. పెట్టెలో నాలుగు మూలలా ఒకే వేడి ఉండాలంటే ఫ్యాన్ ఆగకుండా ఒకే వేగంతో తిరగాలి. గాలి ఎక్కువనిపిస్తే 7809 రెగ్యులేటర్ ఒకటి వేసి తొమ్మిది వోల్టులివ్వు. రొద ఉండదు, టైమర్ ఉండదు.

ఇంకొకటి. కరెంటు పోతే నీ సెకన్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఎన్నో రోజో బోర్డుకు తెలియదు. పద్దెనిమిదో రోజు తర్వాత తిప్పడం ఆపాలి కదా. కరెంటు పోయినా టైము గుర్తుంచుకునే డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి, దాని వెనక సీఆర్2032 బ్యాటరీ బిళ్ల. రోజుల లెక్క దానికి వదిలెయ్. మే నెలలో మాత్రం ఈ పెట్టె జోలికి పోకు. బయటే 43 ఉంటే బల్బు ఆర్పి నువ్వు చేసేదేమీ లేదు.

నర్సంపేట_పొదుగు:

అన్నా, వెలిగింది! నిన్న రాత్రి పదకొండింటికి ఎల్ఈడీ సెకనుకోసారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా ఆయనను లేపి చూపిస్తే "దీనికా" అని మళ్లీ పడుకున్నాడు.

ముందు మీరు చెప్పింది నిజమేనా అని పరీక్ష చేశాను. కోడ్ మార్చకుండా 5వ పిన్ వైరు ఒక్కటే పీకేశాను. బల్బు వెలిగినా లెక్క కదల్లేదు. తర్వాత ఆ వైరును తిరిగి పెట్టి, కొసను 3.3 వోల్టుల పిన్‌కు, గ్రౌండుకు మార్చి మార్చి తాకించాను. చేత్తో తాకించడం కాబట్టి ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి మూడు నాలుగు పెరిగింది. అప్పుడు నమ్మకం కుదిరి ఆర్ గుర్తులన్నీ తీసేశాను.

కానీ పొద్దున దాకా చూసినా మోటారు తిరగలేదు. ఎల్ఈడీ కొట్టుకుంటోంది, రెండు గంటలైంది, నాలుగైంది, మోటారు ఉలకదు పలకదు. అత్తమ్మే లేచి ఉత్త ట్రేను చేత్తో వంచింది. తీరా చూస్తే 8051 అలవాటులో సెకన్ల వేరియబుల్‌ను అన్‌సైన్డ్ క్యార్ పెట్టాను. 7200 ఎక్కడ, 255 ఎక్కడ! మళ్లీ అదే అంకె. ఇంట్ చేశాను, ఇప్పుడు తిరుగుతోంది.

గంటసేపు ఫోన్‌తో పోల్చాను, బోర్డు నాలుగు సెకన్లు వెనకబడింది. మీరన్న రెసొనేటరే అనుకుంటా. డీఎస్3231 ఆర్డర్ పెట్టాను. ఫ్యాన్‌కు 7809 వేశాను, పెట్టె ఇప్పుడు గప్‌చుప్.

గుట్ట_కింది_ల్యాబ్:

శభాష్. ఇంట్ చేశావు కదా, ఇంకో చిన్న గుంత ఉంది చూసుకో. ఇది ఎనిమిది బిట్ల చిప్పు, 16 బిట్ల ఇంట్‌ను రెండు ముక్కలుగా చదువుతుంది. ఒక ముక్క చదివాక ఇంటరప్ట్ వచ్చి సంఖ్య మారిందనుకో, నీకు దొరికేది అతుకుల సంఖ్య. సెకన్ల లెక్క మొత్తం ఇంటరప్ట్ లోపలే పెట్టుకుని, 7200 కాగానే ఒక బైట్ జెండా ఎత్తు. లూప్‌లో ఆ జెండా చూసి మోటారు తిప్పి, జెండా దించు. జెండాకు వోలటైల్ (ప్రతిసారీ మెమరీలోంచే కొత్తగా చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) తప్పనిసరి.

5వ పిన్ వైరు పరీక్ష తర్వాత మళ్లీ తీశావా?

నర్సంపేట_పొదుగు:

తీశాను అన్నా. తేమ సెన్సార్‌ను 7వ పిన్‌కు వేశాను, వైరు కూడా పెట్టెకు అవతలి వైపు నుంచి. జెండా ఇప్పుడే మారుస్తున్నా. గుడ్లు ఆదివారం పెడుతున్నాం, అందాకా ఉత్త ట్రే తిరుగుతోంది. అత్తమ్మ మాత్రం ఒక పెట్ట కింద పది గుడ్లు విడిగా పెడతానంటోంది, పోటీకి.